పటేలు ఇంటి పేరున కొన్న చాకు

ఆ సోమవారం రూతు చెయ్యవలసిన పనులు ఇవి. తెల్లవారగానే చావడికి పోయి, జనగామకు పోతున్నానని మిలిట్రీ కేంపు జమాదారుకు చెప్పి చీటీ తీసుకోవాలి. సంతలో మేకపిల్లను అమ్మాలి. సబ్బుబిళ్ల కొనాలి. దవాఖానలో నర్సమ్మ కనపడితే దూది అడగాలి. ఎక్కువ అడగరాదు, ఎక్కువ దూది కనిపిస్తే ఎవరి పుండ్లకని అడుగుతారు. నీలవ్వకు పొగాకు, ఆమె కోడలు లచ్చికి బెల్లం తేవాలి. పొద్దుగూకక ముందే వచ్చి చీటీ తిరిగి ఇచ్చెయ్యాలి. ఇంకొక పని ఉంది, అది ఎవరికీ చెప్పరాదు. ఒక మంచి మడత చాకు కొనాలి.

మేకపిల్ల మెడతాడు చేతికి చుట్టుకుని గట్ల వెంట నడుస్తున్నంతసేపూ ఆమె ఆ చివరి పని గురించే ఆలోచించింది. రెండు పక్కలా వరికోత నడుస్తున్నది. కోసేవాళ్లు తమ కొడవళ్లను రోజూ పొద్దున చావడి ముందు వరుసకట్టి అడిగి తెచ్చుకోవాలి, సాయంత్రం అప్పజెప్పాలి. నైజాము దిగిపోయి ఏడాది దాటింది. సంఘం వాళ్ల దళం భూపాలపల్లి అడవులకు పోయిన తరువాత మిలిట్రీ వచ్చి ఊళ్లో ఉన్న ఇనుమంతా చావడిలో కుప్ప పోయించింది. గొడ్డళ్లతో, బరిసెలతో మొదలుపెట్టి కత్తిపీటల దాకా వచ్చారు. మిలిట్రీ వెంట ఊరికి తిరిగివచ్చిన పోలీసు పటేలు ఇంటికి మాత్రం ఎవరూ పోలేదు.

రూతు మంత్రసాని. దవాఖానలో పని నేర్చుకున్నప్పుడు నర్సమ్మ ఇచ్చిన రేకు డబ్బాను కూడా అప్పుడే పట్టుకుపోయారు. అందులో కత్తెర, దూది, గాయాలకు రాసే ఎర్రమందు సీసా ఉండేవి. కాన్పులు చేసేదానికి ఎర్రమందు ఎందుకని జమాదారు అడిగాడు. దళపోళ్లకు కట్లు కడుతున్నదని ఎవరో చెప్పారట. ఆ రోజంతా ఆమెను చావడి ముందు ఎండలో కూర్చోబెట్టారు. మళ్లీ కత్తెర కొంటే మళ్లీ అదే మాట వస్తుంది. గడ్డం గీసుకునే బ్లేడు తడిచేతికి నిలవదు, ఒకసారి తన వేలే తెగింది. మడిచిన చాకైతే పొగాకు తిత్తిలో పడి ఉంటుంది. ఎవరైనా చూస్తే వక్కలు కోసుకునేదని చెప్పవచ్చు.

లచ్చికి నెలలు దగ్గరపడుతున్నాయి. ఆమె మొదటి కాన్పు పుట్టింట్లో అయింది, అక్కడ కుండపెంకుతో బొడ్డు కోశారు. ఎనిమిదో నాడు బిడ్డ దవడలు బిగిశాయి. రొమ్ము నోట్లో పెడితే పట్టుకోలేకపోయింది. ఈసారి జనగామ దవాఖానకు పోదామంటే లచ్చికి చీటీ ఇవ్వరు, ఆమె మొగుడు ఎర్రయ్య దళంలో ఉన్నాడు. ఆమె గుడిసె ముందు పగలూ రాత్రీ ఒక జవాను కూర్చుంటాడు. వారం కింద కడుపు తడిమి చూస్తున్నప్పుడు లచ్చి రూతు మణికట్టు పట్టుకుని, ఈసారి పెంకు వద్దన్నది. అంతే అన్నది. ఇంటికి వచ్చి రూతు తనకున్న ఒక్క మేకపిల్లను చాలాసేపు చూసింది.

*

స్టేషను బజారులో ఇనుప సామాన్ల సేటు అద్దాల పెట్టెలో చాకులు పెట్టుకుంటాడు. రూతు ఎన్నోసార్లు ఆ దుకాణం ముందు నుంచి నడిచింది, లోపలికి ఎప్పుడూ పోలేదు. సంతలో దొరికే నాటు చాకు ఒకటి చేతిలో పట్టుకుని, ఇంతకంటే మంచిది కావాలని చెప్పింది. సేటు ఆమె కాళ్ల దిక్కు, కొంగు దిక్కు చూశాడు. ఎందుకని అడిగాడు. వక్కలకని చెప్పింది. వక్కలకైతే ఇదే ఎక్కువని నవ్వాడు గానీ, మేకను అమ్మిన పైసలు ఆమె చేతిలో చూసి పెట్టె తెరిచాడు. పచ్చని మఖ్మల్ గుడ్డ మీద మూడు విలాయతి చాకులు పరిచాడు.

మొదటిదానికి నల్లకట్టె పిడి. రెండోది దుప్పికొమ్ము పిడి. దాన్ని పట్టుకోగానే అరచేతిలో మొలిచినట్టు కూర్చున్నది. గరుకుగా, వెచ్చగా ఉంది. ఎంత తడిచేతికైనా జారదు. కోసే అలుగు సన్నం, మొన దగ్గర కొంచెం వంపు. రూతు దాన్ని కింద పెట్టలేకపోయింది. తన బతుకులో ఇంత మంచి వస్తువును పట్టుకోవడం ఇదే మొదటిసారి.

నర్సమ్మ మాట గుర్తొచ్చింది. మరిగే నీళ్లలో వెయ్యనిది ఏదీ బిడ్డను ముట్టరాదు. రూతు కొమ్ముదువ్వెన ఒకసారి కాగుతున్న నీళ్లలో పడి పాత చెప్పులాగా వంకరపోయింది. ఈ పిడి కూడా అట్లాగే పోతుంది. కట్టె పిడి ఉబ్బి అలుగును పట్టేస్తుంది. ఆమె కొమ్ము చాకును గుడ్డ మీద పెట్టి మూడోది తీసుకుంది.

అది పిడితో సహా మొత్తం ఉక్కు. పువ్వూ లేదు, గీతా లేదు. చల్లగా, బరువుగా ఉంది. అలుగు మీది గంటులో గోరు పెట్టి లాగింది. కమాను గట్టిది, టక్కున చప్పుడుతో తెరుచుకుంది. ఈ చప్పుడు గుడిసె బయటికి వినిపిస్తుంది. మడిచి, మళ్లీ తెరిచింది. ఈసారి చివరికి వచ్చేటప్పుడు బొటనవేలితో ఆపుకుంటూ వదిలింది, చప్పుడు రాలేదు. అలుగు సగం తెరిచి, దానంతట అది వేళ్ల మీద పడుతుందా అని ఊపి చూసింది. పిడి నడుమ సందు దిక్కు కళ్లు చికిలించి చూసింది. నెత్తురు ఆగేది అక్కడే. వేపపుల్లకు గుడ్డ చుట్టి తోస్తే పోతుంది. తరువాత సేటును గ్లాసుడు నీళ్లు అడిగి చేతులు తడుపుకుంది, తడిగోటికి గంటు అందుతుందో లేదో చూడాలని.

“వక్కలు నీళ్లల కోస్తరా అవ్వా?” అన్నాడు సేటు.

లాంతరు గ్లాసు కోసం వచ్చిన పోలీసొకడు పక్కనే బల్ల మీద కూర్చుని ఉన్నాడు. కోస్తా దిక్కు నుంచి వచ్చినవాడు. అంతసేపూ అతడు తన గ్లాసుల సంగతే చూసుకుంటున్నాడని ఆమె అనుకుంది. “పెళ్లికొడుకును చూసినట్టు చూస్తున్నావేంటమ్మా,” అని నవ్వి, చాకు అందుకుని తెరిచి గోళ్లలో మట్టి తీసుకున్నాడు. ఏ ఊరని అడిగాడు. ఆమె చెప్పింది. అతడి చెయ్యి ఆగింది. ఆ ఊళ్లో ఎవరి దగ్గరా కత్తులు ఉండకూడదని తనకు తెలుసని, అయితే ఇది ఎవరికోసమని అడిగాడు. ఈసారి నవ్వలేదు.

వక్కలన్న మాట ఇప్పుడు చెల్లదు. “మా పోలీసు పటేలు దొర కోడలు అహల్య దొరసానికి నొప్పులొచ్చే పొద్దులు,” అని వినపడింది, తన గొంతే. “నేను మంత్రసానిని. బొడ్డు కొయ్యనీకె మంచిది తెమ్మని సత్తెమ్మ దొరసాని చెప్పింది.”

పటేలు పేరు వినగానే పోలీసు ముఖం విప్పారింది. ఆ ఇంట్లో తాను భోజనం చేశానని, పచ్చిపులుసు బాగుంటుందని చెప్పి చాకు మడిచి ఇచ్చాడు. ముందే చెప్పవచ్చు గదా అని సేటు ఒక మెత్తని కాగితం తీసి దాన్ని చుట్టాడు.

తిరుగుదారిలో రూతు రెండుసార్లు ఆగి తిత్తిని తడుముకుంది. చాకు దొరికింది. దానికంటే బరువైనది కూడా ఒకటి తెచ్చుకున్నానని ఆమెకు తెలుస్తూనే ఉంది.

*

రెండు రోజులు ఏమీ కాలేదు. మూడో రోజు పటేలు పిలిపించాడు. రూతు చెప్పులు గేటు బయట విడిచి, అరుగు కింద నిలబడింది. లోపల గడపలో ఆయన భార్య సత్తెమ్మ నిలబడి ఉంది. జనగామ నుంచి పోలీసు వచ్చి పోయాడని, విలాయతి చాకు సంగతి చెప్పాడని పటేలు అన్నాడు. రూతు తలెత్తలేదు. చెర్నాకోల ఎక్కడ వేలాడుతుందో ఆమెకు తెలుసు.

“మా ఇంటి పేరు చెప్పినవట,” అన్నాడాయన. “మంచిదే. చెప్పకుంటనే మా పని జేసినవ్. ఏది, చూపియ్యి.”

ఆమె చాకు తీసి అరుగు అంచున పెట్టింది. పటేలు దాన్ని తీసుకుని తెరిచి, మూసి, మళ్లీ తెరిచాడు. ప్రతిసారీ టక్కుమన్నది. మంత్రసానికి ఇంత తెలివి ఉందా అని సత్తెమ్మ నవ్వింది. కోడలి కాన్పు దాకా దాన్ని రూతు దగ్గరే ఉండనిమ్మని, ఎవరైనా అడిగితే పటేలు ఇంటిదని చెప్పమని ఆయన అన్నాడు. గేటు దాటి ఆమె చెప్పులు తొడుక్కుంది. ఇక దాచుకునే పని లేదు. దేవుడే తన నోట ఆ అబద్ధం పలికించాడేమో అనుకుని, గుడిసెలో మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేసింది.

అహల్యకు మరునాడే నొప్పులు వచ్చాయి. పంతొమ్మిదేళ్ల పిల్ల, గార్ల నుంచి వచ్చిన కోడలు. భర్త హైదరాబాదులో ఉంటాడు. నొప్పి వచ్చినప్పుడల్లా కేక వెయ్యకుండా మంచంపట్టె కొరికింది. బొడ్డు కొయ్యడానికి సత్తెమ్మ ఇంటి కొడవలి తెప్పించి పెట్టింది, పిడికి ఇంకా పేడ ఎండి ఉంది. రూతు దాన్ని పక్కకు తోసి, మరిగిన నీళ్లలో నుంచి తన చాకు తీసింది. రెండుచోట్ల దారం కట్టి, నడుమ ఒక్క కోత పెట్టింది. అలుగు వెన్నలో దిగినట్టు దిగింది. మగపిల్లవాడు. కడుపునిండా గాలి పీల్చి ఏడ్చాడు.

చాకును కడిగి తుడిచి తిత్తిలో పెట్టుకోబోతుంటే సత్తెమ్మ చెయ్యి చాపింది. బొడ్డు కోసిన ఇనుము తల్లీబిడ్డల తలగడ కింద ఉండాలి, పురుడు నీళ్లు పోసేదాకా కదలరాదు. గాలీ ధూళీ రాకుండా అదే కావలి. ఈ సంగతి రూతుకు తెలియనిది కాదు, ఎన్ని ఇండ్లలో తన చేత్తోనే పెట్టిందో. కొడవలి అయినా చాలు దొరసాని, ఇనుము ఇనుమే, అని మెల్లగా చెప్పి చూసింది. కోసినదే ఉండాలన్నది సత్తెమ్మ. పసుపు గుడ్డలో చుట్టి తలగడ కిందికి తోసింది. పురుడు అయినంక తీసుకుపోతానని రూతు అన్నది.

“యాడికి తీస్కపోతవే?” అన్నది సత్తెమ్మ. “మా ఇంటి పేరు మీద కొన్నదే గద. ఈడనే ఉంటది.”

లచ్చికి ఇంకా టైముందని, అంతలో ఏదో ఒకటి చెయ్యవచ్చని ఇంటికి పోయేదాకా రూతు తనకు తాను చెప్పుకుంది.

*

టైము లేదు. అహల్య కాన్పు అయిన ఐదో రోజు పొద్దున నీలవ్వ పొగాకు అడిగే వంకతో వచ్చి, కోడలికి తెల్లవారుజాము నుంచి నడుము లాగుతున్నదని చెప్పింది. రూతు పోయి చూసింది. కడుపు గట్టిపడి వదులుతున్నది. ఉమ్మనీరు పోయింది. చాకు ఉంది గదా అని లచ్చి అడిగింది. ఉంది, ఇప్పుడే తెస్తానని రూతు చెప్పి, పటేలు ఇంటికి నడిచింది.

పురుడయ్యేదాకా బిడ్డకు రోజూ నీళ్లు పొయ్యడం మంత్రసాని పనే కాబట్టి, ఆమెను ఎవరూ ఆపలేదు. పురిటిగది చీకటిగా, వాము పొగతో నిండి ఉంది. సత్తెమ్మ గడప అవతల పీట వేసుకుని కూర్చుంది. రూతు కాళ్లు చాపి, మోకాళ్ల నడుమ బిడ్డను పడుకోబెట్టుకుని ఆముదం రాసింది. ఛాతీ, వీపు, తొడలు. నలుగుపిండి రుద్దింది. గోరువెచ్చని నీళ్లు అరచేతి మీదుగా వదలబోతే చెయ్యి అదిరి నీళ్లు బిడ్డ ముఖం మీద పడ్డాయి. వాడు ఉక్కిరిబిక్కిరై ఏడ్చాడు.

చేతులు ఎందుకు వణుకుతున్నాయని అహల్య అడిగింది. రూతు ఏమీ లేదన్నది. తరువాత వాడిని బోర్లా తిప్పి వీపు తుడుస్తూ, తల వంచుకుని, లచ్చి నొప్పులు పడుతున్నదని చెప్పింది. ఎర్రయ్య పెండ్లామా అని అహల్య అడిగి, ఆమె మొదటి బిడ్డ ఎట్లా పోయిందని అడిగింది. రూతు చెప్పింది. కుండపెంకు, ఎనిమిదో నాడు, దవడలు. గొంతు తగ్గించి చెప్పింది గానీ ఏదీ దాచలేదు.

“ఏం గుసగుసలే?” అన్నది సత్తెమ్మ బయటి నుంచి.

“పాలు సాలుతలెవ్వని చెప్తున్న అత్తమ్మా,” అన్నది అహల్య.

ఆమె బిడ్డను అందుకుని పొత్తిగుడ్డలో చుట్టింది. చిటికెనవేలు వాడి పెదవికి తాకించింది. వాడు గబుక్కున నోరు తెరిచి వేలు పట్టాడు. అహల్య ఆ నోటి దిక్కే చూస్తూ కూర్చుంది. ఆ గదిలో ఆమెకు అత్త కంటే, మామ కంటే గాలి భయం ఎక్కువని రూతుకు తెలుసు. కాన్పు నాటి నుంచి ఒక్క రాత్రి కూడా దీపం ఆర్పనివ్వలేదు. తలగడ కింద ముడి ఉందో లేదో నిద్రలో కూడా తడుముకునేది.

అదే చెయ్యి ఇప్పుడు తలగడ కిందికి పోయింది. గుడ్డను అక్కడే ఉంచి, చాకును మాత్రం బయటికి తీసి, ఉతకడానికి మూటగట్టిన మైలబట్టల నడుమ పెట్టింది.

“మరి బాబు దగ్గర ఇనుము?” అన్నది రూతు.

“నేను పక్కపొంటే ఉన్న గద,” అన్నది అహల్య. “పొద్దుగూకేలోపట తే.” ఆమె పెదవులు తెల్లబడి ఉన్నాయి.

లచ్చి గుడిసె ముందు జవాను మూట విప్పమన్నాడు. రూతు ఒక ముడి విప్పగానే వాసన వచ్చింది. పురిటిబట్టలని తెలిసి అతడు లాఠీ కొసతో ఒకసారి కదిపి, ముఖం తిప్పుకుని పొమ్మన్నాడు.

లచ్చి కాన్పు తొందరగా కాలేదు. బిడ్డ తల అడ్డంగా నిలిచింది. నీలవ్వ వీపు వెనక కూర్చుని కోడలిని పట్టుకుంది, రూతు గంటలకొద్దీ నూనెచేత్తో కడుపు నిమిరింది. మూకుట్లో చాకు మరుగుతూనే ఉంది. నీళ్లు ఇగిరినప్పుడల్లా మళ్లీ పోసింది. తలుపు సందులో ఎండ ఎర్రబడింది, తరువాత పోయింది. దీపం ముట్టించే వేళకు ఆడపిల్ల పుట్టింది. రూతు తడిగోటితో అలుగు తెరిచింది. చప్పుడు రాకుండా బొటనవేలు అడ్డం పెట్టింది. దారం కట్టిన రెండు ముడుల నడుమ బొడ్డు కోసింది.

చీకటి పడ్డ తరువాత బజారులో మనిషి కనపడితే తుపాకీ పేలుతుంది. రూతు ఆ రాత్రి లచ్చి గుడిసెలోనే కూర్చుండిపోయింది.

*

తెల్లవారి ఆమె పోయేసరికి పటేలు ఇంటి వాకిట్లో ఇద్దరు మనుషులు బావిలో మునుగుతున్నారు. సత్తెమ్మ తల పట్టుకుని అరుగు మీద కూర్చుంది. బిడ్డ పక్క మార్చబోతే పసుపుగుడ్డ ఖాళీగా కనిపించిందట. ఏమైందని అడిగితే, దాన్ని చూస్తే భయమైతున్నదని, రాత్రి లేచి బావిలో పారేశానని కోడలు చెప్పిందట. వారసుడి తల కింది ఇనుము తీసి బావిలో పారేసే తల్లిని ఎక్కడా చూడలేదని సత్తెమ్మ వచ్చినవాళ్లందరికీ చెబుతున్నది.

మునిగినవాళ్లలో ఒకడు తుప్పుపట్టిన గాలం, చెంబు పైకి తెచ్చాడు. చాకు లేదన్నాడు. పటేలు అప్పుడు రూతు దిక్కు తిరిగాడు.

చాకు ఆమె తిత్తిలో, పొగాకు కింద ఉంది. ఇప్పుడు తీసి ఇస్తే అహల్య అబద్ధం బయటపడుతుంది. ఇవ్వకుండా వెతికించుకుంటే తనతోపాటు లచ్చి కూడా చావడికి పోతుంది, పసిగుడ్డుతో. నిన్న ఈ ఇంటి నుంచి నేరుగా ఎర్రయ్య గుడిసెకు పోయావట, ఆ కాన్పులో బొడ్డు దేనితో కోశావని పటేలు అడిగాడు. పెంకుతో అని చెప్పింది. తన గొంతు తనకే నమ్మబుద్ధి కాలేదు. ఆయన జీతగాణ్ణి పిలిచి, దీని తిత్తి చూడమన్నాడు.

పురిటిగది తలుపు తెరుచుకుంది. పురుడు కాని మనిషి గడప దాటరాదు. అహల్య దాటింది. జుట్టు విరబోసుకుని, మగవాళ్లు నిలబడ్డ వాకిట్లోకి వచ్చి నిలుచుంది. ఆ ఇంట్లో మామ ముందు ఆమె గొంతు ఎవరూ విని ఉండలేదు.

“దాన్నెందుకు అడుగుతరు. పారేసింది నేను. మళ్ల తెస్తే మళ్ల పారేస్త.”

సత్తెమ్మ బొబ్బ పెట్టింది. మైలమనిషి వాకిట్లోకి వచ్చిందని ఆడవాళ్లు పసుపునీళ్లకు పరుగెత్తారు. జీతగాడు మైలమనిషి ఎదుట నిలబడలేక వెనక్కి జరిగాడు. బావిలోవాళ్లు కళ్లు మూసుకుని తాడు పట్టుకున్నారు. ఆ గందరగోళంలో తిత్తి సంగతి అందరూ మరిచిపోయారు. పటేలు ఒక్కడే కోడలి దిక్కు కన్నార్పకుండా చూశాడు. ఆయన నమ్మాడో లేదో రూతుకు తెలియలేదు. కోడలికి గాలి సోకిందని, మంచిగయ్యేదాకా పుట్టింట్లో ఉండనియ్యమని అన్నాడు. బండి కట్టించాడు.

పచ్చిబాలింతను పురుడు నీళ్లు కూడా పొయ్యకుండా జనగామ స్టేషనుకు పంపారు. మానుకోట మీదుగా గార్లకు రైలు. బండిలో గడ్డి పరిచి, గొంగడి వేసి, బిడ్డను ఒళ్లో సర్దే పని మళ్లీ మంత్రసానికే పడింది. రూతు పొత్తిగుడ్డ అంచులు దోపుతూ, తిత్తిలోని చాకును అహల్య గొంగడి కిందికి జార్చబోయింది. అహల్య ఆమె చెయ్యి పట్టుకుని వెనక్కి తోసింది.

“దాని బిడ్డ పాలు తాగిందా?” అని అడిగింది, పెదవులు కదిలీ కదలకుండా.

తాగిందని రూతు చెప్పింది.

“దవుడలు చూస్తుండు,” అన్నది అహల్య. బండి కదిలింది.

రూతు చూస్తూనే ఉంది. రోజూ పొద్దున లేచి ఆ ఆడపిల్ల పెదవులకు చిటికెనవేలు తాకించి చూసింది. ఎనిమిదో నాడు లచ్చి గుడిసెలో ఎవరూ అన్నం తినలేదు. తొమ్మిదో నాడు కూడా పిల్ల గట్టిగా నోరు తెరిచి, వేలు పట్టి లాగింది.

అహల్య మళ్లీ ఆ ఊరికి రాలేదు. గార్లలో ఆమె ఎట్లా ఉందో, ఇనుము లేకుండా బండెక్కిన ఆమె కొడుకు ఎట్లా పెరిగాడో ఈ ఊళ్లో చెప్పగలిగినవాళ్లు లేరు. ఆ ఏండ్ల సంగతి వచ్చినప్పుడు మనం అడవిలో ఒరిగినవాళ్ల పేర్లు చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. అహల్య సంఘంలో లేదు, దళాన్ని ఎప్పుడూ చూడలేదు, ఆమె ఉన్నది అవతలి ఇంట్లో. అందుకే ఆమె పేరు ఎవరి లెక్కలోకీ రాలేదు. ఇది చదివినవాళ్లు ఆ పేర్లన్నీ చెప్పుకోవడం అయినంక, జర ఆగి, ఆమెను కూడా ఒక్కసారి తలుచుకోండి.